తెలియక చేసిన తప్పు, తెలిసి దాచిన తప్పు

ధ్యానమునకు: నిర్గమ. 21:33-34, 22:14-15, లేవీ. 6:1-7, ద్వితీ. 19:4-5, 22:8, 2 రాజులు 6:1-7, లూకా 12:47-48

సాలూరు అనగానే మన ప్రాంతమువారికి మొదట జ్ఞాపకము వచ్చునది లారీ. విజయవాడ తరువాత లారీలకు పేరు మోసిన ఊరు ఇదియే అని చెప్పుకొందురు. విశాఖపట్నమునుండి విజయనగరము, గజపతినగరము, రామభద్రపురము మీదుగా వచ్చు రోడ్డు సాలూరు దాటి, పి.కోనవలస యొద్ద ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగిల మీదుగా కొరాపుట్ చేరి, అక్కడనుండి రాయపూర్ వరకు సాగిపోవును. తీరపు సరకు కొండమీదికి, కొండమీది సరకు తీరమునకు ఈ రోడ్డున పోవును. అందుచేత ఆ ఊరిలో బాడీలు కట్టువారు, కమాను పట్టీలు వేయువారు, టైర్లవారు, బ్యాటరీలవారు వీధి వీధిని కనబడుదురు. పసిపిల్లల నోట సైతము క్లచ్చి, గేరు అను మాటలు వినబడును. రైతులకు విత్తనమును గూర్చియు, జాలరులకు వలను గూర్చియు ప్రభువు ఉపమానములు చెప్పెను. సాలూరు చుట్టుప్రక్కల బ్రతుకు మనకు బండిని గూర్చి చెప్పినయెడల త్వరగా బోధపడును.

అయితే నేనిప్పుడు చెప్పబోవునది ఉపమానము కాదు. జరిగిన సంగతి. అందులోని తప్పు నాది.

అది 1983 డిసెంబరు నెల. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు ఆనాడు విజయనగరము జిల్లాలో నుండెను. నేను ఆ దగ్గర పల్లెలో ఉపాధ్యాయుడను. ఊరంతటికి ఒకటే కారు. అది 1968 నాటి అంబాసిడర్. దాని యజమాని ఒక పెద్దాయన. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినను ఊరిలో ఎవరికి ఆపద వచ్చినను కారు ఇచ్చుటకు వెనుదీయనివాడు. నేను చిన్ననాడే డ్రైవింగు నేర్చుకొని యుంటిని గనుక, ఒక రాత్రి పదకొండు గంటలకు మన సంఘములోని ఒక సహోదరికి నొప్పులు హెచ్చినప్పుడు, ఆమె పెనిమిటి నన్ను లేపెను. మేమిద్దరము వెళ్లి పెద్దాయన తలుపు తట్టితిమి. ఆయన ఒక్క ప్రశ్నయైనను అడుగక మేకునకు వ్రేలాడుచున్న తాళపుచెవి తీసి నా చేతిలో పెట్టి, “బేగి ఎల్లండి మేష్టారూ” అనెను.

సాలూరులోని ఆసుపత్రి గుమ్మము ముందర తొందరలో క్లచ్చి సరిగా త్రొక్కక బండి ఆపితిని. ఇంజను ఒక కుదుపుతో దానంతటదే ఆగిపోయెను. నేను హెడ్‌లైట్లు ఆర్పితిని, దిగితిని, ఆ సహోదరిని చేతులమీద లోపలికి తీసికొనిపోవుటకు సాయపడితిని. ఇంజను ఆగిపోయినది గనుక బండి ఆపితిననియే నా మనస్సు తలంచెను. తాళపుచెవి మాత్రము త్రిప్పియే యున్నది. ఇంజను నడవకుండ స్విచ్చి వేసియున్నప్పుడు ఎదుట ఒక చిన్న ఎర్ర బల్బు వెలుగవలెను. కాని ఆ బల్బు ఎన్నడో మాడిపోయెను. పెద్దాయన దానిని మార్పించలేదు. చీకటిలో నన్ను హెచ్చరించునది ఏదియు లేకపోయెను.

తెల్లవారుజామున నాలుగున్నరకు మగబిడ్డ కలిగెను. తల్లి క్షేమము. మేము ప్రార్థన చేసి, సంతోషముతో బయటికి వచ్చితిమి. కారు తలుపు తీయగానే త్రిప్పియున్న తాళపుచెవి కనబడెను. సెల్ఫ్ కొట్టితిని. బ్యాటరీ మూలిగెనే గాని ఇంజను తిరుగలేదు. బోనెట్ ఎత్తి కాయిల్ మీద చేయి వేసితిని, వెంటనే తీసికొంటిని. కాలిన వంటపాత్రవలె నుండెను. రోడ్డున పోవువారు నలుగురు త్రోయగా, రెండవ గేరులో బండి స్టార్టయ్యెను. ఊరు చేరువరకు ఏ దోషమును లేకుండ నడచెను.

నేను కారు కడిగించితిని. పెట్రోలు పోయించితిని. తాళపుచెవి ఇచ్చి, మగబిడ్డ అని చెప్పి, వందనములు చెప్పితిని. పెద్దాయన సంతోషించెను. స్విచ్చి సంగతి మాత్రము చెప్పలేదు. బండి నడచుచున్నది గదా, చెప్పి ఆయన మనస్సు పాడుచేయుట ఎందుకని నాలో నేననుకొంటిని. చెప్పవలసినదానిని చెప్పకుండుటకు మనకు దొరకు కారణములు ఎంత మర్యాదగా నుండునో చూడుడి!

ఇక్కడ ఆ పాత బండ్లలో జరుగునది కొంచెము వివరింపవలెను. పెట్రోలు ఇంజనులో ఆవిరి మండుటకు ప్లగ్గునొద్ద నిప్పురవ్వ కావలెను. పన్నెండు వోల్టుల బ్యాటరీకి ఆ శక్తి లేదు. కాయిల్ అను చిన్న డబ్బాలో రెండు తీగచుట్టలుండును. మొదటి చుట్టలో కరెంటు ప్రవహించుచుండగా దానిని చటుక్కున తెంచినయెడల, రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ లేచును. ఆ తెంచుపని డిస్ట్రిబ్యూటరులోని రెండు చిన్న మొనలది. మన మెకానిక్కులు వాటిని పాయింట్లందురు. ఇంజను తిరుగుచున్నంతసేపు అవి కలియుచు విడిపోవుచు నుండును గనుక కాయిలునకు విశ్రాంతి దొరకుచుండును. ఇంజను ఆగి, స్విచ్చి వేసియుండి, ఆ క్షణమున పాయింట్లు కలిసియున్నయెడల విశ్రాంతి లేదు. సుమారు 3 ఓముల తీగలో 4 ఆంపియర్ల కరెంటు ఎడతెగక పారును. అనగా దాదాపు 48 వాట్ల వేడి, పిడికెడు డబ్బాలో, గాలి తగులకుండ, గంటల తరబడి పుట్టుచుండును. తీగలమీది పూత మెత్తబడి మాడును. అయిదు గంటలలో బ్యాటరీనుండి 20 ఆంపియర్-గంటలు ఖర్చగును. పాత బ్యాటరీకి అది చాలును.

ఇందులో ఒక వింత కలదు. ఇంజను ఆగినప్పుడు పాయింట్లు విడిపోయి యున్నయెడల కాయిలులో కరెంటే పారదు. స్విచ్చి రాత్రియంతయు వేసియున్నను కాయిలునకు ఏ హానియు కలుగదు. నాలుగు సిలిండర్ల ఇంజనులో పాయింట్లు తిరుగుడులో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు కలిసియు, ఒక పాలు విడిపోయియు నుండును. ఇంజను ఎక్కడ ఆగునో డ్రైవరు చేతిలో లేదు. ఆ రాత్రి నా బండి పాయింట్లు కలిసినచోట ఆగెను.

మాడిన కాయిలునకు ఇంకొక గుణమున్నది. చల్లగా నున్నప్పుడు పనిచేయును, వేడెక్కగానే మానివేయును. అందుచేత ఊరిలోను చుట్టుప్రక్కలను పెద్దాయన చిన్న ప్రయాణములు చేసినప్పుడు ఏమియు తెలియలేదు. ఎనిమిది దినముల తరువాత ఆయన కుటుంబముతో కొరాపుట్‌లో బంధువుల పెండ్లికి బయలుదేరెను. బరువుతో ఘాటీ ఎక్కుచుండగా ఇంజను వేడెక్కెను. సుంకి ఇంకను రాకముందే ఒక మలుపున ఆగిపోయెను. సాలూరు లారీ డ్రైవరొకడు తన బండి ఆపి, చక్రముల వెనుక రాళ్లు పెట్టి, తడిగుడ్డ కాయిలునకు చుట్టి ఇచ్చెను. చల్లారిన తరువాత నడచెను. కొంత దూరము పోయి మరల ఆగెను. ఇట్లు మూడు మారులు. డిసెంబరు రాత్రి, ఆ కొండ చలిలో, కారులో నెలల పసిపాప. ముహూర్తము దాటిపోయిన తరువాత వారు కొరాపుట్ చేరిరి. పాపకు జ్వరము వచ్చి నాలుగు దినములుండి దేవుని దయవలన తగ్గెను.

తిరిగివచ్చిన తరువాత సాలూరు మెకానిక్కు కాయిల్ విప్పి చూచి, “తాతా, ఇది రోడ్డుమీద పోయినది కాదు. ఎవరో ఇంజను ఆపీసి స్విచ్చి వదిలీసినారు. లోపల ఉడికిపోనాది” అని చెప్పెను. పెద్దాయన ఆలోచించెను. మేష్టారు అట్టివాడు కాడు అనుకొనెను. ఆయన యింట కారు కడుగు పదునేడేండ్ల కుర్రవాడొకడు ఉండెను. కడుగునప్పుడు డ్రైవరు సీటులో కూర్చుండి స్టీరింగు త్రిప్పుట వానికి సరదా. “నాను కీ ముట్టుకోనేదు బాబూ” అని వాడు ఎంత చెప్పినను వినువారు లేకపోయిరి. సగము నెల జీతము నిలిపి వానిని పంపివేసిరి. నేను ఈ సంగతి రచ్చబండయొద్ద వింటిని. నా నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక నేను నాతో చేసిన వాదములను మీ ముందర పెట్టుచున్నాను. మీలో అనేకులు ఇట్టి వాదములు చేసికొనియే యుందురు.

మొదటి వాదము: నేను మంచిపనిమీద నుంటిని. ప్రాణాపాయములో నున్న తల్లిని చేర్చు తొందరలో మరచితిని. దీనిని తప్పు అందురా? దీనికి జవాబు రాజుల రెండవ గ్రంథము ఆరవ అధ్యాయములో దొరకెను. ప్రవక్తల శిష్యులు నివాసము కట్టుకొనుటకు యొర్దానునొద్ద మ్రానులు నరకుచుండిరి. అదియు మంచిపనియే. ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. వాడు “దేవుని పని చేయుచుండగా పోయినది గదా” అని ఊరకుండలేదు. అది ఎరవు తెచ్చిన గొడ్డలియని వెంటనే మొరపెట్టెను. పని మంచిదగుటచేత ఎరవుసొమ్ము తనదై పోదని వానికి తెలియును. మన మంచితనమునకు మరియొకని సొమ్ముతో వెల చెల్లించుట న్యాయము కాదు. ఎలీషా ఆ గొడ్డలిని తేల్చెనన్న సంగతి మనమందరము చెప్పుకొందుము. కాని వాడు మొరపెట్టినందుననే సహాయము వచ్చెనను సంగతి తరచుగా విడిచిపెట్టుదుము.

రెండవ వాదము: ఇదంతయు నా దురదృష్టము. ఇట్టి మరపు అందరికిని కలదు. పాయింట్లు విడిపోయినచోట ఇంజను ఆగియుంటే ఎవరికిని ఏ నష్టమును లేదు, నేనును నిందితుడను కాను. నావలెనే మరచిన వేరొకడు నిశ్చింతగా నిద్రపోవుచుండగా, నూలుపోగంత ఎడము కారణముగా నేను దోషినగుట న్యాయమా?

సహోదరులారా, ఈ ప్రశ్న చిన్నది కాదు. లోకములోని జ్ఞానులును దీనితో పెనుగులాడిరి. 1976లో ఇంగ్లండు దేశపు బెర్నార్డ్ విలియమ్స్, అమెరికా దేశపు థామస్ నేగెల్ అను ఇద్దరు తత్త్వవేత్తలు దీనిని గూర్చి వ్యాసములు వ్రాసిరి. వారిద్దరును ఎత్తుకొన్న దృష్టాంతములలో ఒకటి లారీ డ్రైవరు అని తెలిసికొని నేను ఆశ్చర్యపడితిని. బ్రేకులు చూపించుకొనక ఇద్దరు బయలుదేరుదురు. ఒకని ఎదుట ఎవరును రారు. వాడు ఇల్లు చేరి భోజనము చేయును. వేరొకని ఎదుటికి ఒక పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చును. వాడు జీవితాంతము ఆ భారము మోయును. అజాగ్రత్త ఒక్కటే, ఫలము రెండు విధములు. ఏ తప్పును లేని డ్రైవరు బండిక్రింద ఒకరు పడినను, చూచినవారి దుఃఖము వేరు, నడిపినవాని దుఃఖము వేరు అని విలియమ్స్ వివరించెను. ఘాటీరోడ్డున బండి నడుపు మన సాలూరువారిలో ఈ సంగతి తెలియనివారెవరు?

మోషే ధర్మశాస్త్రమును మరల తిరుగవేసి చూచితిని. అందులో రెండు విధములైన విధులు ప్రక్క ప్రక్కన కనబడెను. మొదటిది ద్వితీయోపదేశ కాండము 22వ అధ్యాయములోని పిట్టగోడ విధి. క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎవడైనను పడిన తరువాత కాదు, పడకముందే. పిట్టగోడ లేని మిద్దెనుండి ఎవడును పడకపోయినను ఆజ్ఞ మీరుట మీరుటయే. ఈ విధి ప్రకారము, పాయింట్లు విడిపోయినవాడును నేనును సమానులమే. వానికి నష్టము తప్పెను గాని తప్పు తప్పలేదు. అతడు అతిశయపడుటకు ఏమియు లేదు. దేవునికి స్తోత్రము చెప్పి ఇకముందు జాగ్రత్తపడుటయే అతని వంతు.

రెండవది నిర్గమకాండము 21వ అధ్యాయములోని గోతి విధి. గొయ్యి త్రవ్వి మూయక విడిచినవాని గోతిలో పొరుగువాని ఎద్దు గాని గాడిద గాని పడిన, వాడు వెల ఇయ్యవలెను. గొయ్యి తెరచి విడిచినవారు పదిమంది యుండవచ్చును. ఎద్దు పడినది ఒకని గోతిలోనే. వెల ఇచ్చువాడును వాడే. ఇది అన్యాయమని తోచవచ్చును. కాని ఈ వెల శిక్ష కాదు. చచ్చిన ఎద్దు నిజముగా చచ్చినది. దాని నష్టము ఎవడో ఒకడు మోయవలెను. గోతివాడు మోయనియెడల, ఏ తప్పును ఎరుగని ఎద్దుగలవాడు మోయుచున్నాడు. నా అదృష్టము దురదృష్టము అను మాట నా గదిలో కూర్చుండి చెప్పుకొనవచ్చును; ఘాటీ మలుపున పసిపాపను ఒడిలో పెట్టుకొని వణకుచున్న తల్లియెదుట ఆ మాట నిలువదు.

ఎరవుసొమ్మును గూర్చిన విధి ఇంకను స్పష్టము. ఎరవు తెచ్చిన పశువు, యజమానుడు దానియొద్ద లేనప్పుడు, హానిపడిన యెడల తెచ్చినవాడు అచ్చుకొనవలెను. మరచెనా, తొందరపడెనా, మంచిపనిమీద పోయెనా అను ప్రశ్నలు అక్కడ లేవు. నమ్మి ఇచ్చినవాడు తన వంతు చేసెను. తెచ్చినవాడు తన వంతు చేయవలెను.

ఇట్లు చూడగా రెండు లెక్కలు వేరువేరు అని తెలిసెను. దేవుని యెదుట నా అజాగ్రత్త లెక్క ఒకటి. అందులో పాయింట్లు ఎక్కడ ఆగినను భేదము లేదు. పొరుగువాని యెదుట నా బాకీ లెక్క వేరొకటి. అందులో జరిగినదానినిబట్టియే చెల్లింపవలెను. మొదటి లెక్కలో నష్టము చూచి నన్ను నేను ఘాతకునిగా ఎంచుకొని క్రుంగిపోవుట తగదు. గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలినప్పుడు, పగ లేని ఆ మనుష్యునికి దేవుడే ఆశ్రయపురము నియమించెను. రెండవ లెక్కలో నా మనస్సు మంచిదని చెప్పి తప్పించుకొనుటయు తగదు. ఆశ్రయపురమునకు పారిపోయినవాడును తన ఇల్లు విడిచి పోవలసివచ్చెను.

మూడవ వాదము అన్నిటికంటె నన్ను సిగ్గుపరచినది: ఎర్ర బల్బు మార్పించనివాడు పెద్దాయనయే గదా! అందులో సత్యమున్నది. ఆ చిన్న బల్బు వెలిగియుంటే నేను చూచి యుందును. కాని సత్యమును చెప్పుట వేరు, సత్యమును అడ్డు పెట్టుకొనుట వేరు. ఆయన వంతు ఆయన చెప్పుకొనవలెను. నేను నా వంతు చెప్పకమునుపే ఆయన వంతు లెక్కించుటకు కూర్చుంటిని. ఏదెనులో ఆదాము చేసినది ఇదియే.

ఈ మూడు వాదములును ముగిసిన తరువాత ఒక సంగతి మిగిలెను. వీటిలో ఒకటియు ఆ కుర్రవానిని గూర్చినది కాదు. నేను ఇంత సేపును నా మరపును గూర్చియే వాదించుచుంటిని. మరపు ఆ తెల్లవారుజామున, కాయిలుమీద చేయి కాలినప్పుడే ముగిసెను. అప్పటినుండి జరిగినది మరపు కాదు, దాచుట. మరపులో పాయింట్లకు పాలు గలదు, బల్బుకు పాలు గలదు, తొందరకు పాలు గలదు. దాచుటలో ఎవరికిని పాలు లేదు. ఎరుగక చేసినవానికి దెబ్బలు కొద్దియనియు, ఎరిగి చేయనివానికి అనేకమనియు లూకా సువార్తలో ప్రభువు తెలియజేసెను. నా తాళపుచెవి అయిదు గంటలు వేసియుండెను. నా మౌనము అంతకంటె ఎన్నో దినములు వేసియుండెను. ఆ దినములన్నిటిలో బయటికి ఇంజను ఆగినట్లే యుండెను. నేను బడికి పోయితిని, ఆదివారము పాటలు పాడితిని, క్రిస్మసు ఏర్పాట్లు చేసితిని. లోపల మాత్రము కరెంటు పారుచునే యుండెను. మాడినది నా మనస్సాక్షి మాత్రమే కాదు. ఒక బీదవాని పేరు.

తెల్లవారగానే వెళ్లి పెద్దాయనతో అంతయు చెప్పితిని. ఆయన చాలసేపు ఏమియు పలుకలేదు. తరువాత, “ఆ ఎర్ర బల్బు నాను ఏయించవలసింది” అనెను. మరల కొంతసేపటికి, “సరే మేష్టారూ, కాయిలంటే కొత్తది ఏసుకుంటాం. మరి ఆ గుంటడి మాటేటి?” అనెను. నేను జవాబు చెప్పలేకపోయితిని. కాయిలునకును బ్యాటరీకిని అయిన ఖర్చు ఇచ్చితిని. లేవీయకాండము ఆరవ అధ్యాయము అపహరించినదానికి అయిదవ వంతు కలిపి ఇమ్మని చెప్పుచున్నది గనుక, నిలిచిపోయిన కుర్రవాని జీతమునకు అంతకంటె ఎక్కువే కలిపి, తీసికొని సాలూరు వెళ్లితిని.

వాడు ఒక లారీమీద క్లీనరుగా చేరి రాయపూర్ పోయెనని చెప్పిరి. రెండు ఆదివారములు ఊరకే తిరిగివచ్చితిని. మూడవ ఆదివారము వేగవతి ఒడ్డున లారీ కడుగుచు కనబడెను. నేను తప్పు ఒప్పుకొని డబ్బు చేతిలో పెట్టితిని. వాడు డబ్బు లెక్కపెట్టలేదు. బాల్దీ క్రింద పెట్టి, “నాను సెయ్యనేదని నాకు తెలుసు మేష్టారూ. మా అమ్మకి సెప్పండి. ఆవిడ నమ్మనేదు” అనెను.

నాకు కలిగిన శిక్ష ఆ మాటయే. ఆ సాయంకాలమే వాని తల్లియొద్దకు వెళ్లి, ఇరుగుపొరుగు వినునట్లు చెప్పితిని. ఆమె ఏడ్చెను. నన్నేమియు అనలేదు. పెద్దాయన మరల పనికి పిలిచెను గాని కుర్రవాడు రాలేదు. వానికి లారీయే బాగున్నదట. నేను సరిచేయగలిగినవి కొన్ని, చేయలేనివి కొన్ని. తల్లి తన కుమారుని నమ్మని ఆ దినములను తిరిగి ఇచ్చుటకు ఏ అయిదవ వంతును చాలదు.

ప్రియ చదువరులారా, ఇప్పటి కార్లలో ఇంజను ఆగినయెడల కాయిలునకు పోవు కరెంటును యంత్రమే నిలిపివేయును. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయెను. మీలో అనేకులకు పాయింట్లతో పని లేదు. అయినను ఎరవు తెచ్చుకొను వస్తువులు మనయింట ఇప్పటికిని కలవు. పొరుగువాని మోటారు సైకిలు, నీటి మోటారు, మందు కొట్టు స్ప్రేయరు తెచ్చుకొనుచున్నాము. స్ప్రేయరులో మిగిలిన కలుపుమందు కడుగక ఇచ్చినయెడల మరునాడు అతని పైరు మాడును. నీళ్లు పడని బోరు గుంతకు మూత వేయక విడిచినయెడల, మోషే చెప్పిన ఎద్దు కాదు, పసిబిడ్డయే పడవచ్చును. మన తెలుగుదేశములో అట్టి దుఃఖములు ఒకటికంటె ఎక్కువ జరిగినవి. ఏమియు జరుగని దినములలోనే మూత వేయుడి. జరిగిన దినమున వెంటనే చెప్పుడి. తిరిగి ఇచ్చునప్పుడు వస్తువు కడిగి ఇచ్చుట మర్యాద. దానికి తగిలిన దెబ్బ చెప్పి ఇచ్చుట నీతి. నేను మర్యాద చేసి నీతిని విడిచితిని.

సంఘపు పెద్దలకు ఒక మాట. మన మధ్య ఏదైన నష్టము జరిగినప్పుడు, మనము మొదట ఎవరిని అనుమానించుచున్నాము? మేష్టారు చేయడు, పాలేరు చేయును అని ఊరు అనుకొనెను. నా చొక్కాయి నన్ను కాపాడెను; వాని చిరిగిన చొక్కాయి వానిని పట్టి ఇచ్చెను. మంచిపేరు గలవాడు మౌనముగా నున్నయెడల ఆ పేరు యొక్క నీడ ఎవరో ఒక బీదవానిమీద పడును. కావున మంచిపేరు గలవారు త్వరగా ఒప్పుకొనుటకు మరింత బద్ధులు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మనయింట నున్న ఎరవు వస్తువులేవి? వాటిలో చెప్పకుండ దాచిన దెబ్బ ఏదైన కలదా?

2. మన అజాగ్రత్తవలన నష్టము కలుగక తప్పిపోయిన సందర్భము ఏది? ఆ సందర్భమును బట్టి, నష్టము కలిగించినవారిని మనమెట్లు తీర్పు తీర్చుచున్నాము?

3. మన మౌనముచేత ఎవరి పేరైనను చెడియున్నదా? వారి తల్లి, వారి ఇరుగుపొరుగు వినునట్లు చెప్పుటకు ఈ వారములో ఏ దినము వెళ్లుదుము?